పాస్టర్ గారు సర్పంచ్‌గా నిలబడొచ్చు, ముందు ఓటరు లిస్టు తెప్పించండి

మీరు రాసింది టూకీగా ఇదీ. గంగాధర నెల్లూరు వైపు మీ పంచాయతీలో ఒక పాస్టర్ గారున్నారు. ఇరవై ఏళ్ళుగా పెన్షన్లు, రేషన్ కార్డులు, వేలూరు ఆస్పత్రి, దళితవాడ శ్మశానం దారి, ఏది కావాలన్నా జనం ఆయన గడపే తొక్కుతున్నారు. ఈసారి సర్పంచ్‌గా నిలబడమని చర్చి సంఘంలో పట్టుబడుతున్నారు. ఆయన బడి సర్టిఫికెట్‌లో ఎస్సీ అని ఉంది. పాస్టర్ పోటీ చేయొచ్చా, సీటు ఎస్సీకి రిజర్వైతే ఎలా, సంఘం ఓట్లతో బయటపడతారా అని మీ ప్రశ్న.

నేను చిత్తూరులో లాయర్ని. దాదాపు ముప్పై ఏళ్ళుగా ఎన్నికలొస్తే చాలు నామినేషన్లు రాయడం, స్క్రూటినీలో, అంటే నామినేషన్ల పరిశీలనలో గొడవపడటం, కౌంటింగ్ దగ్గర తెల్లారేదాకా నిలబడటం, ఇదే పని. పాస్టర్ల తరఫునా చేశాను, పాస్టర్లకు వ్యతిరేకంగానూ చేశాను. నేను చర్చికి పోను, కాబట్టి రెండువైపులా ఏమనుకుంటారో కాస్త తెలుసు.

చట్టంలో తేలికైన ముక్క ముందు. పాస్టరైనా, పూజారైనా, ఇమామైనా పోటీ చేయకూడదని రాజ్యాంగంలో లేదు, మన పంచాయతీరాజ్ చట్టంలోనూ లేదు. యోగి ఆదిత్యనాథ్ గోరఖ్‌నాథ్ మఠాధిపతిగా ఉంటూనే ముఖ్యమంత్రి అయ్యారు కదా. అడ్డం వస్తే సంఘం వైపు నుంచే రావాలి. కేథలిక్ ఫాదర్లకు వాళ్ళ చర్చి చట్టమే అధికార పదవులు చేపట్టవద్దంటుంది. సీఎస్ఐ లాంటి పెద్ద సంఘంలో జీతం తీసుకునే పాస్టరైతే పైవాళ్ళ దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. మన పల్లెల్లో ఎక్కువమంది సొంతంగా సంఘం పెట్టుకున్నవాళ్ళే, వాళ్ళను అడిగేది సంఘ పెద్దలే. ప్రభుత్వం పాస్టర్లకిచ్చే నెలకు 5,000 గౌరవ వేతనం ఆయన ఎప్పుడైనా తీసుకుని ఉంటే మాత్రం ఆ కాగితాలు నాకు చూపించండి. అవతలి లాయరు స్క్రూటినీలో దాన్ని లేవదీస్తాడు. ఆ అభ్యంతరం నిలబడుతుందా లేదా అన్నది తర్వాత, ఆ రోజు ఆ టెన్షన్ మనకెందుకు?

ఇక అసలు మెలిక కులం సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. మొదట్లో దాని ప్రకారం హిందువులే ఎస్సీలు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. చేర్చాలా వద్దా అని చూడటానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఆ చర్చలో ఎవరి న్యాయం ఎంతన్నది వేరే సంగతి, నాకూ ఒక అభిప్రాయం ఉంది. నామినేషన్ బల్ల ముందు మాత్రం ఆ రోజుకి అమల్లో ఉన్న చట్టమే మాట్లాడుతుంది. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళూ వాళ్ళ సంతానమూ బీసీ-సీ కిందికి, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపులోకి వస్తారు.

మన వైపు ఇదెంత పెద్ద విషయమో చూడండి. తిరుపతి ఎంపీ సీటు ఎస్సీ, చిత్తూరు ఎంపీ సీటు ఎస్సీ. మీ గంగాధర నెల్లూరు, పక్కన పూతలపట్టు, అటు సత్యవేడు, సూళ్ళూరుపేట, గూడూరు, అన్నీ ఎస్సీ అసెంబ్లీ సీట్లే. ఊళ్ళల్లో చూస్తేనేమో కాగితం మీద హిందూ మాల, హిందూ మాదిగ అని ఉన్నవాళ్ళు ఆదివారం బైబిల్ చంకన పెట్టుకుని పోతుంటారు. అది అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. మామూలు విశ్వాసి సంగతైతే కోర్టులో వాదించడానికి ఎంతో కొంత చోటుంటుంది. పాస్టర్ సంగతి అలా కాదు. ఉజ్జీవ సభల పోస్టర్ల మీద ఫొటో ఉన్న మనిషి, బాప్తిస్మాలు ఇచ్చే మనిషి, పెళ్ళిళ్ళు చేయించే మనిషి జడ్జి ముందు నిలబడి నేను క్రైస్తవుణ్ణి కాను అని ఏ నోటితో అంటాడు?

2025లో మన హైకోర్టు ఒక పాస్టర్ కేసులోనే ఈ మాట తేల్చింది. తనను కులం పేరుతో తిట్టారని ఆయన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టారు. క్రైస్తవం తీసుకున్నాక ఆ చట్టం రక్షణ వర్తించదని, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ రద్దుకాకుండా ఉన్నంతమాత్రాన లాభం లేదని కోర్టు ఆ కేసు కొట్టేసింది. అంతకుముందు 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకావిడ కేసులో, మతం ఒకటి ఆచరిస్తూ రిజర్వేషన్ కోసం ఇంకొకటి చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. కాబట్టి మీలో ఎవరో ఒకరు, ఎన్నికల దాకా తిరిగి హిందువునయ్యానని ఒక కాగితం పుట్టిద్దాం అంటారు చూడండి, తప్పకుండా అంటారు, ఆ మనిషిని కాసేపు బయట కూర్చోబెట్టండి.

కేరళలో దేవికుళం ఎస్సీ సీటు. అక్కడి ఎమ్మెల్యే క్రైస్తవుడని ఓడిపోయిన అభ్యర్థి కోర్టుకెళ్ళాడు. హైకోర్టు 2023లో ఎన్నిక చెల్లదంది, సుప్రీంకోర్టు 2025లో ఆ తీర్పు కొట్టేసి ఎమ్మెల్యేను నిలబెట్టింది. చివరికి గెలిచాడు నిజమే, కానీ ఆ కేసు ఎక్కువగా నడిచింది చర్చి రిజిస్టర్ల మీద. అది బాప్తిస్మం రిజిస్టరు, కుటుంబాల రిజిస్టరు, సమాధుల రిజిస్టరు. ఎవరి పేరు ఎప్పుడు రాశారు, ఎక్కడ దిద్దారు అని పేజీ పేజీ తిప్పారు. మీ అయ్యగారి సంఘంలో ఆ రిజిస్టరు రాసేది ఆయనే కదా. ఆయన చేతిరాతే ఆయనకి వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది.

అందుకని లెక్క ఇలా పెట్టుకోండి. సీటు ఎస్సీకి పోతే ఆయన పోటీ మాట మరిచిపోండి. బీసీకి పోతే తహసీల్దారు ఇచ్చిన బీసీ-సీ సర్టిఫికెట్ ఉండాలి. అది రాత్రికి రాత్రి రాదు, ఇప్పుడే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. జనరల్ అయితే ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, హాయి. మహిళలకు పోవడానికి సగం అవకాశం ఉంది, స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే. అప్పుడు ఆయన భార్య, అమ్మగారిని నిలబెట్టి అయ్యగారు వెనక నుంచి నడుపుతారని మీ మనసులో ఉంటే నాకు చెప్పొద్దు. అమ్మగారే నడుపుతారంటే మాత్రం చెప్పండి. ఇంటింటికీ తిరిగేది ఆవిడేనని మీరే రాశారు, నన్నడిగితే ఆయనకన్నా ఆవిడకే నాలుగు ఓట్లు ఎక్కువొస్తాయి.

ఇప్పుడు ప్రసంగ వేదిక సంగతి. 1988లో మతసంస్థల దుర్వినియోగాన్ని ఆపడానికి కేంద్రం ఒక చట్టం చేసింది. గుడి, మసీదు, చర్చి ఏదైనా సరే, దాని ఆవరణలో రాజకీయ ప్రచారం చేస్తే, దాని డబ్బు రాజకీయానికి వాడితే నేరం, అయిదేళ్ళ దాకా జైలు. మన వైపు ఈ చట్టం పేరు విన్నవాళ్ళే తక్కువ. ఓట్లు మతం పేరుతో అడగకూడదన్నది అందరికీ తెలిసినా, 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి ఇచ్చిన తీర్పు చాలామందికి తెలియదు. అభ్యర్థి మతం పేరెత్తినా తప్పే, ఓటరు మతం పేరెత్తినా తప్పే అని అందులో తేల్చారు. అది ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల చట్టం మీద వచ్చిన తీర్పే అయినా పంచాయతీలకూ మతం పేరుతో ఓటడగడం అవినీతి చర్యే.

ఇది కాగితం మీద చదివితే తేలికగానే ఉంటుంది. ఆదివారం పొద్దున పదిన్నరకి ఏమవుతుందో చూడండి. ఆరాధన అయిపోవస్తుంది, చివరి ప్రార్థనలో ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని గట్టిగా, ప్రభువా మా అయ్యగారికి ఈ ఎలక్షన్‌లో జయమియ్యి అంటుంది, అందరూ ఆమెన్ అంటారు, వెనక బెంచీలో కూర్చున్న ఒక కుర్రాడు ఫోన్‌లో తీస్తాడు. ఆ కుర్రాడు సంఘంలోవాడే, చెడ్డవాడూ కాదు, స్టేటస్ పెట్టుకుందామని తీశాడంతే. సాయంత్రానికి అది అవతలి వర్గం వాట్సాప్‌లో తిరుగుతుంది. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో నేను చూసుకున్న ఒక పాస్టర్ గారికి సరిగ్గా ఇదే జరిగింది. పోలీసులు కేసు కట్టలేదు కానీ మూడు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాం, ప్రచారానికి మిగిలిందే ఆ మూడు రోజులు.

అందుకే నా షరతు ఒకటే, నా దగ్గరికొచ్చే ప్రతి పాస్టర్‌కీ చెప్తాను. నామినేషన్ వేసిన రోజు నుంచి లెక్కింపు అయ్యేదాకా వేదిక ఎక్కకండి. వాక్యం వేరే సంఘం నుంచి ఎవరినైనా పిలిచి చెప్పించండి, మీరు కింద చాప మీద కూర్చోండి, ఇంకా మంచిది ఆ ఆదివారాలు వేరే ఊరి చర్చికి వెళ్ళండి. సంఘం సౌండ్ బాక్సులు ప్రచారానికి వాడొద్దు, సంఘం ఆటో వాడొద్దు, కానుకల పెట్టె జోలికి అసలు పోవద్దు. కరపత్రం మీద వాక్యం వేయొద్దు, సిలువ వేయొద్దు, పేరు పక్కన ఉద్యోగం రాయాల్సివస్తే సంఘసేవకుడు అని రాసుకోండి, ఆయన చేసింది అదే కదా.

డబ్బు విషయంలో ఇంకొకటుంది, దీన్ని లాయర్లు కూడా మరిచిపోతారు. విదేశీ విరాళాల చట్టం ప్రకారం ఎన్నికల్లో అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోకూడదు, గెలిచాక సభ్యుడూ తీసుకోకూడదు. ఆ చట్టంలో చట్టసభ అనే మాటకి ఇచ్చిన అర్థంలో పంచాయతీలూ మున్సిపాలిటీలూ కూడా ఉన్నాయి. అయ్యగారికి అనాథ పిల్లల హాస్టల్ ఉందనీ, దానికి అమెరికాలో ఎవరో సాయం చేస్తారనీ రాశారు. ఆ డబ్బు ఏ ఖాతాలో, ఎవరి పేరున వస్తోందో నామినేషన్‌కి ముందే తేలాలి. గెలిచి సర్పంచ్ అయ్యాక అది ఆయన చేతికి వస్తే చిన్న తప్పు కాదు. హాస్టల్ బాధ్యత నిజంగా వేరేవాళ్ళకి అప్పగించగలరా? అప్పగించలేకపోతే, పిల్లల అన్నం ముఖ్యమా సర్పంచ్ కుర్చీ ముఖ్యమా అనేది ఆయన తేల్చుకోవాలి.

సంఘం ఓట్లతో గెలుస్తారా అన్నారు. పాస్టర్ పోటీ అనగానే జనానికి కేఏ పాల్ గారు గుర్తొస్తారు. ప్రపంచమంతా సభలు పెట్టిన మనిషికి 2022 మునుగోడు ఉప ఎన్నికలో వచ్చినవి 805 ఓట్లు. నవ్వడానికి చెప్పట్లేదు. సభకి వచ్చేవాడు వేరు, ఓటరు లిస్టులో ఉన్నవాడు వేరు.

ఇందాక చెప్పిన ఆ 2021 పాస్టర్ గారు మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు, సార్, మా ఆరాధనకు మూడొందల మంది వస్తారు, గెలుపు ఖాయం అన్నారు. సరే, ఓటరు లిస్టు తెండి అన్నాను. ఆ రాత్రి ఆయన ఇంట్లో చాప మీద లిస్టు పరిచి, అమ్మగారు పేర్లు చదువుతుంటే ఆయన పెన్సిలుతో టిక్కు పెడుతూ పోయారు. పక్క పంచాయతీల నుంచి వచ్చేవాళ్ళు పోయారు. పద్దెనిమిది నిండని పిల్లలు పోయారు. బెంగళూరులో కూలికి పోయినవాళ్ళ పేర్ల దగ్గర అమ్మగారు ఆగి, వీళ్ళు వస్తారా అని అడిగారు, ఆయన ప్రశ్నార్థకం గీశారు. భార్య విశ్వాసి, భర్త కాదు, ఆ ఇంట్లో ఓటు ఎవరు చెప్పినట్టు పడుతుందో అమ్మగారికి తెలుసు, ఆయనకి తెలియదు. చివరికి గట్టి టిక్కులు డెబ్భై చిల్లర. ఆయన పెన్సిలు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు అమ్మగారు ఒక పని చేశారు. లోపలికెళ్ళి ఒక లావు నోటుపుస్తకం తెచ్చారు. వేలూరు సీఎంసీకి ఎవరెవర్ని తీసుకెళ్ళారు, ఏ తేదీన, ఏ డాక్టరుకి చూపించారు, తిరుపతి రుయాకి ఎవర్ని, స్విమ్స్‌కి ఎవర్ని, అంతా రాసిపెట్టి ఉంది. ఆరాధనకి వాళ్ళలో సగం మంది కూడా రారు. రెడ్డి గారి ఇంటి కోడలు, చాకలి వీధి ముసలాయన, గుడి పూజారి గారి తమ్ముడు, సాయిబుల ఇంటి పిల్లాడు. ఆ పుస్తకం చూస్తూ మళ్ళీ లిస్టు మీద టిక్కులు పెట్టారు, ఈసారి ఎర్ర పెన్నుతో. నేను ఆయనకి చెప్పిందల్లా, ఇక మీ ప్రచారం ఈ ఎర్ర టిక్కుల ఇళ్ళకే, నల్ల టిక్కులు ఎటూ మీవే అని. ఆయన నలభై చిల్లర ఓట్ల తేడాతో ఓడిపోయారు. నోట్లు పంచినవాళ్ళ మీద, ఒక్క రూపాయి పంచకుండా.

ఆ ఎర్ర టిక్కుల ఇళ్ళల్లో ఆయనకి ఎదురైన ప్రశ్న మీ అయ్యగారికీ ఎదురవుతుంది. చిత్తూరు జిల్లాలో గంగజాతర లేని ఊరుందా? మీ వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం కూడా జరుగుతుంది, దుర్యోధన వధ రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే. మూడో ఇంట్లోనే ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని అడిగింది: “అయ్యోరా, అంతా బాగుండాది, నువ్వు మంచోడివే. మా గంగమ్మకి చందా ఇస్తావా ఇయ్యవా? ఆ ఒక్క మాట చెప్పు.” ఆయన తడబడ్డారు. ఇస్తానంటే సంఘంలో గోల, ఇవ్వనంటే ఊళ్ళో గోల. ఏదో నవ్వి బయటపడ్డారు, అదే తప్పైంది. సాయంత్రానికి “అడిగితే నవ్వినాడంట” అని ఊరంతా పాకింది.

దీనికి జవాబు ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి, నిజమైన జవాబు. సర్పంచ్‌గా ఆయన పని ఏంటంటే జాతరకి వీధి దీపాలు వెలగాలి, నీళ్ళ ట్యాంకరు రావాలి, చెత్త ఎత్తాలి, మెడికల్ క్యాంపు ఉండాలి. అది క్రిస్మస్‌కీ చేయాలి, మొహర్రానికీ చేయాలి. సొంత జేబు నుంచి పూజకు ఇవ్వడం ఆయన మనస్సాక్షి ఒప్పుకోకపోతే, “అమ్మా, పూజకి నేనియ్యలేను, నా నమ్మకం అది, మీకు తెలుసు. జాతర మూడు రోజులూ మజ్జిగ పందిరి నాది, సర్పంచైనా కాకపోయినా” అని మొహం చూసి చెప్పమనండి. మన జనం తేడా నమ్మకాన్ని ఓర్చుకుంటారు, నాన్చుడు ఓర్చుకోరు. మనస్సాక్షి ఒప్పుకుంటే చందా ఇవ్వనీయండి, అది ఆయనకీ దేవుడికీ మధ్య విషయం. ఎన్నికల కోసం బొట్టు పెట్టుకుని అమ్మవారి ముందు ఫొటో దిగడం మాత్రం వద్దు. రెండువైపులా ఒక్కరు కూడా నమ్మరు.

తిరుపతి నగరంలో వార్డుకి పోటీ అయితే ఇంకో రకం జాగ్రత్త చెప్పేవాణ్ణి. తిరుమలలో అన్యమత ప్రచారం మీద 2007 నుంచి చట్టపరంగా నిషేధం ఉంది, ఆ సెగ కొండ కింద వీధుల దాకా తగులుతుంది. మీది పల్లె కాబట్టి వదిలేస్తున్నా.

చిల్లర విషయాలు కొన్ని. ఆయన ఓటు ఎక్కడుంది? పాస్టర్లకి చాలామందికి ఓటు సొంత ఊళ్ళోనే ఉండిపోతుంది, పంచాయతీ ఓటరు లిస్టులో పేరు లేకపోతే కథ అక్కడే ముగిసింది. ప్రతిపాదించే మనిషి ఓటు కూడా అక్కడే ఉండాలి, ఆ సంతకం సంఘం మనిషితో కాకుండా ఆ నోటుపుస్తకం లాంటి దాంట్లో ఉన్న ఇంకెవరితోనైనా పెట్టిస్తే ఊరికి కబురు వెళ్తుంది. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు కట్టి రసీదులు దాచండి. చర్చి కట్టడానికి తీసుకున్న అనుమతి కాగితాలు ఫైల్లో పెట్టుకోండి, అవతలివాళ్ళు మొదట తవ్వేది అదే. ముగ్గురు పిల్లలున్నారని భయపడుతూ రాశారు, ఆ ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది, ఆ బెంగ అక్కర్లేదు. సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తులుండవు కాబట్టి ఏ పార్టీ కండువా కప్పుకోవాలని ఇప్పట్నుంచే కొట్టుకోకండి.

శ్మశానం దారి గురించి ఆయన సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీల రసీదులు ఉన్నాయన్నారు. ఎన్నున్నా అన్నీ తెండి. వాటితోపాటు ఓటరు లిస్టు, ఆయన పదో తరగతి సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చిన ఏ కుల సర్టిఫికెట్ ఉంటే అది ఏ ఏడాది ఇచ్చారో రాసి పంపండి. రిజర్వేషన్ జాబితా వచ్చిన రోజు ఫోన్ చేయండి. అమ్మగారిని కూడా వెంట రమ్మనండి, లిస్టు చదవాల్సింది ఆవిడే.